మాంగనీసు దొరికిన నేరం

ప్లాటినం తీగను నేను దొంగతనం చెయ్యలేదు. ఈ మాట మొదటి వరుసలోనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు జనగామ కాలేజీలో ఈ మాట చెప్పడానికి నాకు నోరు తెరిచే సందు ఇవ్వలేదు. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది. ఎవరొచ్చి ఆపుతారో చూస్తాను.

మాది మానుకోట దగ్గర తండా. మహబూబాబాద్ అని స్టేషన్ బోర్డు మీద ఉంటుంది గాని మేమంతా మానుకోట అనే అంటాం. ఇంట్లో మా భాష వేరు. తెలుగు నాకు బడిలో వచ్చింది, కొంచెం దెబ్బలతో, కొంచెం ఆటలతో. మా నాన్న కేసముద్రం మార్కెట్లో హమాలీ. మా యాడి, అంటే అమ్మ, నాట్లకూ కలుపులకూ పోయేది. ఆమె కాళ్లకు కడియాలు, జుట్టుకు వేలాడే బిళ్లలు ఉండేవి. అవన్నీ వెండివని ఆమె ధీమా. అది జర్మన్ సిల్వర్ అనీ, పేరులోనే తప్ప అందులో వెండి పిసరు కూడా ఉండదనీ, రాగి, నికెల్, జింకు కలిపి పోస్తారనీ నేను ఇంటర్‌లో చదువుకొని వచ్చి చెప్పాను. "నీ సదువు ఆఖరికి నా వెండిని గూడ మింగిందా!" అని తిట్టింది. మా భాషలో ఆ తిట్టు ఇంకా ఘాటుగా ఉంటుంది, ఇక్కడ రాయను.

అరవై తొమ్మిదిలో నేను తొమ్మిదో తరగతి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మానుకోట దాకా వచ్చింది. ఒకరోజు స్టేషన్ బయట ఒక కుర్ర లెక్చరర్ బల్లమీద ఎక్కి మాట్లాడాడు. జనగామ వైపు భూములున్న కుటుంబం, తెల్లటి అంగీ, గట్టి గొంతు. "మన కొలువులు మనకే గావాలె. మన పోరలు ఎవ్వనికి తీసిపోరు. మాట ఎట్ల మాట్లాడినా మెదడు ఒక్కటే. మనమందరం ఒక్కటే!" అన్నాడు. ఆ 'మనం' అనే మాట నా ఒంట్లోకి కల్లులా దిగింది. అంతవరకు నన్ను ఎవరూ ఏ 'మనం'లోనూ కలుపుకోలేదు. వెళ్లి రైలు పట్టాల మీద కూర్చున్నాను. మోకాలి కింద లాఠీ పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చలికాలం వస్తే గుర్తు చేస్తుంది. బడి బందయింది, ఏడాది పోయింది. "బస్తాలు మోసెటోని కొడుకువు, నీకెందుకురా పట్టాలు?" అని నాన్న కొట్టినంత పని చేశాడు. నాకు మాత్రం గర్వంగానే ఉండేది. ఏడాది పోతే పోయింది, మన కోసం పోయింది అనుకున్నాను.

జనగామలో ఇంటర్‌లో చేరితే కెమిస్ట్రీ చెప్పేది ఆయనే. నా సంతోషం చూడాలి మీరు! హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను, మా సారును నేను ముందే చూసిన్నని.

కోపంలో ఉన్నాను గదా అని అబద్ధం రాయను. ఆయన పాఠం బాగా చెప్పేవాడు. పరివర్తన మూలకాలు మొదలుపెట్టిన రోజు నాలుగైదు గాజు గొట్టాల్లో రంగు నీళ్లు పోసి బల్లమీద పెట్టాడు. "సోడియం ఉప్పు తెల్లగుంటది. కాల్షియం ఉప్పు తెల్లగుంటది. వాళ్లతోటి ముచ్చటే లేదు. గీ పట్టిక నడిమిట్ల కూసున్నోళ్లను సూడున్రి. రాగి నీలం. నికెల్ ఆకుపచ్చ. కోబాల్టు గులాబి. గీ మాంగనీసు ఉన్నది సూడు, ఇది ఒక్క తీరుగ ఉండనే ఉండది!" అన్నాడు. ఆ రంగుల వెనక సంగతి కూడా విప్పి చెప్పాడు. ఈ లోహాల పరమాణువుల్లో లోపలి గది ఒకటి సగం నిండీ నిండక ఉంటుంది. ఆ నిండనితనం వల్లే రంగులు వస్తాయి, ఒకే లోహం ఒకచోట రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి ఇంకోచోట ఏడు ఇస్తుంది, అయస్కాంతానికి లొంగుతుంది, తాను ఖర్చు కాకుండా పక్కవాటి పని తొందరగా చేయిస్తుంది. గట్టివి, తొందరగా కరగవు. మాంగనీసు లేత గులాబి రంగులో మొదలై, గోధుమ రంగు మట్టి అవుతుంది, ఆకుపచ్చ అవుతుంది, ఊదా అవుతుంది. తండాలో ఒక భాష, బడిలో ఒక భాష, పుస్తకంలో ఒక భాష మాట్లాడే నాకు అది చుట్టంలా అనిపించింది.

జింకు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. జింకు ఆ వరుసలోనే, చివర కూర్చుంటుంది. కానీ దాని లోపలి గది పూర్తిగా నిండిపోయింది, రంగు లేదు, మారడం లేదు, కాబట్టి దాన్ని పరివర్తన మూలకం అనడానికి ఒప్పుకోరు. పంక్తిలో చోటు ఉంది, చుట్టరికం మాత్రం లేదు. నవ్వుకొని రాసుకున్నాను. ఆ నవ్వు తర్వాత ఏడ్పించింది.

సారుకు ఒక అలవాటు ఉండేది. పాఠం చెప్తూ చేతికి ఏది వస్తే అది అంగీ జేబులో పెట్టుకునేవాడు. సుద్దముక్క, దువ్వెన, ఎవరిదో పెన్ను. మా పెన్నులు పోతే మేము ముందు ఆయన జేబు వైపే చూసేవాళ్లం, వెనక నవ్వుకునేవాళ్లం.

ఇక లాబ్. దాన్ని లాబ్ అనడం కూడా మర్యాద కోసమే. సామాను లేక కాదు, ఉంది. అంతా అలమరలో ఉంది, అలమరకు తాళం ఉంది, తాళంచెవి సారు దగ్గర ఉంది. బయట పెడితే పగులుతాయి, పోతాయి, లెక్క ఎవరు చెప్పాలి అనేవాడు. దేవుడి నగల్లాగ పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చిననాడే బయటికి తీసేవాళ్లు. మేము రికార్డులన్నీ ఒకరిది చూసి ఒకరం రాసినం. చెయ్యని ప్రయోగానికి రంగు రంగుల ఫలితాలు! ఊదా పూస వచ్చెను, గోధుమ పూస వచ్చెను. ఎక్కడొచ్చింది, మా మొహం.

ఆ అలమరలో అన్నిటికంటే విలువైంది ప్లాటినం తీగ. గాజు కడ్డీ చివర అంటించిన జానెడు కూడా లేని సన్నటి తీగ. చివరను చిన్న వలయంగా వంచి, ఎర్రగా కాల్చి, వెలిగారంలో, అంటే బోరాక్స్‌లో, ముంచి మళ్లీ కాలిస్తే గాజులాంటి పూస కడుతుంది. ఆ పూసకు ఇచ్చిన ఉప్పును రవ్వంత అంటించి కాలిస్తే రంగు తేలుతుంది, ఏ లోహమో తెలుస్తుంది. ప్లాటినమే ఎందుకంటే, అదీ ఈ కులంలోదే అయినా పెద్ద మనిషి. మంటకు కరగదు, పూసలో కలవదు, తన రంగు అంటించదు. "పరీక్ష నాడు ఇస్త తియ్యిన్రి," అనేవాడు సారు.

పరీక్ష నాడు అలమర తెరిస్తే తీగ లేదు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. కోస్తా మనిషి. పొద్దున్నుంచీ మా మాటలకు నవ్వుతూనే ఉన్నాడు. ఎవడైనా "గట్ల గాదు సార్" అంటే చాలు, "గట్లా? ఏవిటయ్యా గట్ల? గట్టెక్కుతారా మీరు?" అని తన చమత్కారానికి తానే మురిసిపోయేవాడు. ఆయన ముందు పరువు పోతుందని మా సారుకు చెమటలు. అటెండర్ను ఎదురుగా ఉన్న మోటార్ వైండింగ్ దుకాణానికి ఉరికించాడు. అప్పుడప్పుడే జనగామ చుట్టూ బావులకు కరెంటు మోటార్లు వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టే కాలిపోతున్నాయి. కాలిన మోటార్ల తీగ ఆ దుకాణం ముందు కుప్పలుగా పడి ఉండేది. అటెండర్ ఒక పిడికెడు తెచ్చాడు. మీద పూత గీకి, ముక్కలు చేసి, అందరికీ పంచారు.

అది రాగి తీగ. రసాయన శాస్త్రం చెప్పే మనిషికి ఇది తట్టలేదంటే ఏమనాలి? రాగి తీగ మీద ఏ ఉప్పు కాల్చినా మంట ఆకుపచ్చగా వస్తుంది, పూస నీలంగా వస్తుంది, ఎందుకంటే ఆ రంగు తీగది. కాసేపట్లో గది నిండా నీలిపూసలు. నికెల్ ఇచ్చినవాడిదీ నీలం, ఇనుము ఇచ్చినవాడిదీ నీలం. అందరూ రాగి అని రాస్తున్నారు. ఎగ్జామినర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. "ఏవయ్యా, మీ ఊరంతా రాగి గనులేనా? ఇంకో లోహం పుట్టదా మీ గడ్డమీద?"

నాకు అనుమానం వచ్చి ఉప్పు అంటించకముందే ఒట్టి వెలిగారం కాల్చి చూశాను. అదీ నీలమే. లేచి చెప్పాను. "సార్, ఉప్పుది కాదు సార్, తీగదే రంగు. తీగ రాగిది."

మా సారు నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. "కూసో. నీ పని నువ్వు సూస్కో," అన్నాడు.

నా పని నేను చూసుకున్నాను. నాకిచ్చిన ఉప్పు లేత గులాబి రంగులో ఉంది. మాంగనీసు కావచ్చని మనసు కొట్టుకుంటోంది. తీగ అక్కర్లేని దారి పుస్తకంలో ఉంది. పగిలిన పింగాణీ పెంకు ఒకటి తీసుకొని, ఉప్పులో సోడా, సురేకారం కలిపి దాని మీద పెట్టి కాల్చాను. కరిగి, ముద్దయి, వేపాకు చిగురు లాంటి ఆకుపచ్చ రంగు తేలింది. నీళ్లలో వేస్తే నీళ్లు పచ్చబడ్డాయి. రెండు చుక్కలు యాసిడ్ వేస్తే గులాబి ఊదాకు తిరిగింది. రికార్డులో అబద్ధంగా రాసిన రంగులు నా కళ్ల ముందు నిజంగా వచ్చాయి. ఏడుపొచ్చింది నాకు, సంతోషంతో. జవాబు కాగితం మీద 'మాంగనీసు' అని పెద్దగా రాసిచ్చాను.

ఎగ్జామినర్ కాగితాలు తిప్పుతూ నాది చూసి ఆగాడు. తన దగ్గరున్న జాబితాతో పోల్చాడు. "అందరికీ రాగి దొరికింది. ఇతనికి మాత్రం మాంగనీసు దొరికిందే! అదే కరెక్టు. ఎలా?"

నేను నోరు తెరిచేలోపే మా సారు అందుకున్నాడు. ఆయన మాటలు మార్చకుండా రాస్తున్నాను. "ఇంకెట్ల దొరుకుతది సార్? తీగ వీని దగ్గరుంది. తండా పోరడు. నేను అలమరకు తాళమేసేదే వీళ్లకు భయపడి."

అరవై తొమ్మిదిలో బల్లమీద ఎక్కి 'మనమందరం' అన్న నోరది. అప్పుడు అర్థమైంది నాకు జింకు సంగతి. పట్టాల మీద కూర్చోబెట్టడానికి నేను కావాలి. అలమర తెరిచేసరికి నేను దొంగను.

"పెంకు మీద చేసిన సార్, ఇగో సూడున్రి," అని ఆకుపచ్చ పెంకు చూపించాను. ఎవరూ చూడలేదు. "అంగి ఇప్పు," అన్నాడు సారు. గుండీలు నేను విప్పడం ఆలస్యమైందని ఆయనే విప్పాడు. జేబులు తిరగేశారు. లాగు జేబులు తిరగేశారు. చెప్పులు విడిపించి దులిపారు. తోటివాళ్లంతా చూస్తున్నారు. కోస్తా ఆయన అప్పటిదాకా మా సారును కూడా కలిపి వెక్కిరించినవాడు, ఇప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఈ జాతితో ఎక్కడైనా ఇంతేనండీ," అన్నాడు. మా సారు తల ఊపాడు. ప్రాంతం కోసం కొట్టుకున్న రెండు వైపులూ నా అంగీ విప్పించే దగ్గర ఎంత చక్కగా కలిశాయో!

తీగ దొరకలేదు. దొరకలేదు కాబట్టి నేను దొంగను కాదని ఎవరూ అనలేదు, దాచిపెట్టడంలో ఆరితేరానని అన్నారు. మిగతా అందరికీ తీగ తప్పు కాబట్టి గట్టెక్కే మార్కులు వేశారు. నన్ను ఫెయిల్ చేశారు. ఆ బ్యాచ్‌లో సరైన జవాబు రాసింది నేనొక్కడినే, ఫెయిలయింది నేనొక్కడినే.

తండాకు పోయి చెప్తే యాడి ముందు తిట్టింది, సారును. తర్వాత నా అంగీ గుండీ ఒకటి తెగి ఉండడం చూసి, కుట్టడానికి కూర్చొని, సూది గుచ్చుకొని, అప్పుడు ఏడ్చింది. మరుసటి రోజు నాన్న నన్ను కేసముద్రం తీసుకుపోయి హమాలీ కొక్కెం చేతిలో పెట్టాడు. ఆ ఎండాకాలమంతా మోశాను. వడ్ల దుమ్ములో దగ్గుకుంటూ మాంగనీసు రంగులు వల్లె వేసుకునేవాడిని, పిచ్చి పట్టిందనుకునేవాళ్లు.

సప్లిమెంటరీకి మళ్లీ జనగామ పోయాను. బల్లమీద ప్లాటినం తీగ ఉంది. అదే కడ్డీ, అదే తీగ. సెలవుల తర్వాత అలమరలోనే కనిపించిందట. ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు. అటెండర్ మాత్రం నా చెవి దగ్గరికి వచ్చి, "భయపడి తెచ్చి పెట్టినవా? మంచి పని జేసినవ్ తమ్మీ," అన్నాడు. కాలేజీ అంతా అదే అనుకుంటోందని అప్పుడు తెలిసింది. అంటే నేను రెండుసార్లు దొంగనయ్యాను, ఒకసారి తీసినందుకు, ఒకసారి తెచ్చి పెట్టినందుకు! పరీక్ష పాసయ్యాను గాని అప్పటికి డిగ్రీ సీట్లు నిండిపోయాయి. ఇంకో ఏడాది పోయింది. రెండేళ్లూ ఆ ఒక్క మనిషి ఖాతాలోనే. డిగ్రీలో చేరాక కూడా జనగామ నుంచి వచ్చిన తోటివాళ్లు నన్ను పేరుతో పిలవలేదు, 'ప్లాటినం' అనేవాళ్లు.

ఎమ్మెస్సీ చేసి జూనియర్ లెక్చరర్నయ్యాను. ఎనభైల్లో కాటారం వేశారు. భూపాలపల్లి నుంచి బస్సులో పోవాలి, అటు అడవి, ఇటు పొలాలు. పిల్లలు చాలామంది అడవి అంచు ఊళ్లవాళ్లు, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. చేరిన రోజే లాబ్ అలమర తాళం తీసి కిటికీలోంచి పారేశాను. ప్రిన్సిపాల్ లబలబలాడాడు. ప్లాటినం తీగ బల్లమీదే ఉండేది, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు. వాడీ వాడీ చివర విరిగి పొట్టిదైంది గాని ఒక్కసారి కూడా పోలేదు. పిల్లలు ఊదా పూస కట్టి కేకలు వేస్తుంటే నాకు కడుపు నిండేది.

ఒక ఏడాది ప్రాక్టికల్స్‌కు ఎగ్జామినర్ బస్సు దిగి వస్తున్నాడు. జుట్టు నెరిసింది, ఒళ్లు వచ్చింది, అంగీ మాత్రం అదే తెలుపు. జనగామ సారు. నన్ను గుర్తుపట్టలేదు. నేను చెప్పుకోలేదు.

పరీక్ష మొదలైంది. ఆయన బల్లల మధ్య తిరుగుతూ వైవా అడుగుతున్నాడు, తీగ అందుకొని ఒకమ్మాయికి పూస కట్టడం కూడా చూపించాడు. పాత సారు, పాత నైపుణ్యం. కాసేపటికి ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. కాటారం అవతలి గూడెం నుంచి వచ్చేవాడు, మాట తక్కువ. "సార్, తీగ కనిపిస్తలేదు," అన్నాడు.

బల్లలు వెతికారు, తొట్టి వెతికారు. లేదు. సారు కుర్చీలోంచే అన్నాడు, "గిది నేను ఎప్పుడో అనుకున్న. అడివి పోరల ముందట గట్ల పడేస్తరా? జేబులు సూడు. అంగీలు ఇప్పియ్."

ఆ గూడెం పిల్లవాడు తనంతట తానే గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ వాడి పేరు పెట్టి అనలేదు. ఎవరైనా అంగీ విప్పమంటే అది తననేనని వాడికి ముందే తెలుసు. అన్నేళ్లు కడుపులో ఉన్న నిప్పు అప్పుడు అంటుకుంది నాకు.

"గుండీలు పెట్టుకో!" అని అరిచాను. గది అదిరింది. సారు వైపు తిరిగాను. తెల్ల అంగీ జేబులో మూడు పెన్నులు, వాటి పక్కన గాజు కడ్డీ, దాని చివర పొట్టి తీగ మెరుస్తోంది.

"ముందు మీ జేబు సూస్కోన్రి సార్."

ఆయన తడుముకున్నాడు. తీశాడు. నవ్వాడు. "అరె! యాది మర్సిన," అన్నాడు. అంతే. ఆయన జేబులో ఉంటే మతిమరుపు, మా జేబులో లేకపోయినా దొంగతనం.

"జనగామల గూడ గిట్లనే యాది మర్సిన్రా సార్?" అన్నాను.

"జనగామలనా? ఏం తీగ?"

నటన కాదు. ఆయన కళ్లలోకి చూశాను. నిజంగానే ఆయనకు గుర్తు లేదు. నా రెండేళ్లు, నా యాడి కన్నీళ్లు, కేసముద్రం బస్తాలు, 'ప్లాటినం' అనే పేరు, ఏదీ ఆయన బుర్రలో ఒక మరక కూడా వెయ్యలేదు.

"మాంగనీసు దొరికినోన్ని సార్. అందరి ముందట నా అంగి ఇప్పించిన్రు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఓ, నువ్వా? సరే తియ్, ఇప్పుడు మంచిగనే సెటిలైనవ్ గదా," అని తీగను బల్లమీదికి విసిరేసి అటెండర్ తెచ్చిపెట్టిన చాయ్ వైపు చెయ్యి చాపాడు.

చాయ్ గ్లాసు నేను ఇవతలికి జరిపాను. "తీగ పిల్లగానికియ్యిన్రి సార్. మీ చేత్తోటి."

ఆయన లేచాడు, తీగ తీసుకొని పోయి ఇచ్చాడు. వాడు ఒక చేత్తో విప్పిన గుండీలు పట్టుకొనే రెండో చేత్తో తీగను మంటలో పెట్టాడు. పూస కట్టకముందే రాలిపోయింది. మళ్లీ కాల్చాడు, మళ్లీ రాలింది. టైం అయిపోయిందని సారు గడియారం చూపించాడు. ఇంకో అరగంట ఇస్తున్నానన్నాను.

"రూల్ల లేదు గది," అన్నాడు.

"అది వాని అరగంటనే సార్. మీ జేబుల ఉండె."